నీవు క్షేమముగా ఉన్నావా?

ధ్యాన భాగము: 2 రాజులు 4:18–37



ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత గుడి వాకిట నిలువబడి, వెళ్లుచున్నవారిని ఒక్కొక్కరిని "బాగున్నారా?" అని అడుగుట మా పాదిరుల వాడుక. "దేవుని కృపవలన బాగున్నామయ్యగారూ" అని చెప్పుట మీ వాడుక. ఇరువది సంవత్సరములుగా నేను ఈ ప్రశ్న అడుగుచున్నాను, ఈ జవాబు వినుచున్నాను. ఈ జవాబు నిజమా, మర్యాదయా, లేక అబద్ధమా అని ఎన్నడును ఆలోచింపలేదు. గత ఫిబ్రవరి మాసమందు సముద్రపు నీటి అడుగున, నోట మాట పలుకుటకు వీలులేని చోట, ఒక యువకుడు నన్ను ఇదే ప్రశ్న అడిగెను. నేను అబద్ధమాడితిని. ఆ సంగతి మీతో చెప్పుకొని, దానినిగూర్చి మీతోకూడ ఆలోచింపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నా అక్క కుమారుడు అండమాను దీవులలో ఉద్యోగము చేయుచున్నాడు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి బ్రదుకుతెరువు కొరకు ఆ దీవులకు పోయి స్థిరపడిన మనవారు అనేకులున్నారు. అక్కడి బజారులో తెలుగు మాట వినబడుచునే యుండును. "మామయ్యా, మీరు సెలవన్నది ఎరగరు. ఒక్కసారి వచ్చి నా దగ్గర పది రోజులుండండి. ఖర్చు నాది" అని వాడు మూడేండ్లుగా పిలుచుచుండగా, ఈసారి ఒప్పుకొంటిని. విశాఖలో ఓడ యెక్కి మూడవనాడు పోర్టుబ్లేయరు చేరితిని. ఆ పట్టణమునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. అక్కడనుండి వేరొక పడవలో హేవ్‌లాక్ అను చిన్న దీవికి తీసికొనిపోయెను. దానిని 2018నుండి స్వరాజ్ ద్వీప్ అని పిలుచుచున్నారు. దేశ విభజన తరువాత తూర్పు బెంగాలునుండి నిరాశ్రయులై వచ్చినవారికి ప్రభుత్వము అక్కడ భూములిచ్చి కాపురములు పెట్టించెను. నేడు వారి మనుమలలో కొందరు, దూరదేశములనుండి వచ్చువారికి సముద్రపు అడుగు చూపుట వృత్తిగా పెట్టుకొనిరి. దీనినే స్కూబా అందురు.

ఇది మన జాలరులు ఊపిరి బిగబట్టి మునుగుట వంటిది కాదు. గాలిని బాగుగా అణచి నింపిన సిలిండరును వీపునకు కట్టుకొందురు. అందులో నున్నది ఆసుపత్రిలో పెట్టు ప్రాణవాయువని నేననుకొంటిని గాని అది కాదు. మనము పీల్చుచున్న ఈ గాలియే. దానినుండి ఒక గొట్టము నోటికి వచ్చును. మనము పీల్చినప్పుడెల్ల, ఆ లోతున నీటి ఒత్తిడి యెంత యుండునో అంత ఒత్తిడితోనే గాలినిచ్చు చిన్న యంత్రము దానికున్నది. ఫ్రాన్సు దేశమునందు 1943లో కూస్తో అను నావికాధికారియు, గాన్యా అను ఇంజనీరును కలిసి దీనిని సిద్ధపరచిరి. అంతకు పూర్వము లోతునకు దిగువానికి సాధారణముగా పైనున్న పడవనుండి గొట్టముద్వారా గాలి కొట్టవలసి యుండెను.

నా మేనల్లుడు ఈ విద్యను ముందే నేర్చుకొని యుండెను. నన్నుకూడ దింపవలెనని వాని కోరిక. నాకు సముద్రమనిన భయమే. అయినను వాడు నాకు చెప్పకుండ రుసుము కట్టివేసెను. నీటిలో దిగక మునుపు ఒక కాగితము నింపవలెను. ఉబ్బసమున్నదా, గుండెజబ్బున్నదా, చెవిలో ఏదైన బాధ యున్నదా, ఇప్పుడు జలుబున్నదా అని అందులో ప్రశ్నలు. రెండు దినములనుండి నాకు ముక్కు దిబ్బడగా ఉండెను. ఉన్నదని వ్రాసినయెడల దింపరు, పిల్లవాని డబ్బు వ్యర్థమగును, మామయ్య భయపడి సాకు చెప్పెనని నవ్వుదురు. ఈ మూడును నా మనస్సులో తిరిగెను. "లేదు" అని వ్రాసి సంతకము చేసితిని. ఇది మొదటి అబద్ధము.

మాకు నేర్పు యువకుడు బెంగాలీ కుటుంబమువాడు. వయస్సు ముప్పదికి లోపు. మొదటి దినమున రొమ్ములోతు నీటిలో మోకాళ్లమీద కూర్చుండబెట్టి నేర్పెను. కళ్లకు తొడిగిన అద్దపు మాస్కులోనికి నీరు వచ్చినయెడల ముక్కుతో ఊది వెళ్లగొట్టుట, నోటినుండి గొట్టము జారిపోయినయెడల చేయి వెనుకకు చాచి దొరికించుకొనుట అభ్యాసము చేయించెను. అన్నిటికంటె ముందుగా చెప్పిన నియమము ఇది: నీటిలో ఎన్నడును ఊపిరి బిగబట్టకూడదు. పది మీటర్లు దిగునప్పటికి ఒత్తిడి నేలమీద ఉన్నదానికి రెట్టింపగును. ఆ లోతున గుండెలనిండ పీల్చిన గాలిని బిగబట్టి పైకి వచ్చినయెడల, ఆ గాలి రెండింతలుగా వ్యాపించి ఊపిరితిత్తులను చీల్చగలదు. లోపల దాచుకొన్నది లోపలనే పెరిగి దాచుకొన్నవానినే చీల్చునన్న మాట.

తరువాత చేతి సంజ్ఞలు నేర్పెను. బొటనవ్రేలు పైకెత్తుట మనకు "బాగు బాగు" అని గదా. నీటిలో దాని అర్థము "పైకి పోవుదము" అని. అరచేయి చాపి ఇటు అటు ఊపినయెడల "ఏదో ఇబ్బంది యున్నది." చేతిని కంఠమునకు అడ్డముగా కోసినట్టు చూపినయెడల "గాలి అయిపోయినది." బొటనవ్రేలిని చూపుడువ్రేలిని కలిపి సున్న చుట్టినయెడల "క్షేమమా?" అని ప్రశ్న. దానికి జవాబుకూడ ఆ సున్నయే: "క్షేమమే." ప్రశ్నకును జవాబునకును సంజ్ఞ ఒక్కటే. "బాగున్నారా? బాగున్నాము" అను మన మాటలవలెనే యున్నదని నేను నవ్వుకొంటిని.

ఆ యువకుడు నవ్వలేదు. హిందీలో ఒక మాట చెప్పగా మేనల్లుడు నాకు తెలుగు చేసెను: "మామయ్యా, ఈ గుర్తు మర్యాద కోసం చూపకూడదట. బాగుంటేనే చూపాలట. బాగులేకపోతే ఎవరైనా సరే, ఎప్పుడైనా సరే, పైకి వెళ్దామని చెప్పవచ్చట. కారణం చెప్పనక్కరలేదు. ఎవరూ ఏమీ అనుకోరు."

రెండవ దినమున పడవలో కొంచెము దూరము పోయి దిగితిమి. క్రొత్తవారిని పండ్రెండు మీటర్లకంటె లోతునకు తీసికొనిపోరు. మేము అందులో సగమునకైనను చేరలేదు. క్రింద పగడపు దిబ్బ కనబడెను. చిలుక ముక్కువంటి నోటితో పగడమును కొరుకుచున్న చేపలను చూచితిని. పెద్ద పువ్వువంటి జంతువు చేతులలో ఇంటివలె కాపురమున్న చిన్న చారల చేపలను చూచితిని. ఒకచోట పగడము మంచువలె తెల్లగా మెరయుచుండెను. అన్నిటికంటె అదియే అందముగా ఉన్నదని తలంచితిని. తరువాత తెలిసినది, అది జబ్బుపడిన పగడము. నీరు మితిమించి వేడెక్కినప్పుడు, పగడములో నివసించి దానికి ఆహారమును రంగును ఇచ్చు సూక్ష్మమైన నాచు వెడలిపోవును; పగడము తెల్లబడి ఆకలితో నుండును. 2010లో ఆ దీవులచుట్టు విస్తారముగా ఈలాగు జరిగెను. ఎరుగని కంటికి ఆ జబ్బే సౌందర్యము.

మూడు మీటర్లు దిగునప్పటికే నా కుడిచెవిలో నొప్పి మొదలాయెను. లోతునకు దిగుచుండగా ఒత్తిడికి చెవి లోపలి గాలి ముడుచుకొని కర్ణభేరి లోపలికి వంగును. ముక్కు మూసికొని మెల్లగా ఊదినయెడల గొంతునుండి చెవికి గాలి పోయి సరియగును. నేను ఊదితిని గాని జలుబుచేత దారి మూసికొనిపోయి గాలి పోలేదు. అప్పుడే ఆ యువకుడు నా ముఖమునకు ఎదురుగా వచ్చి సున్న చుట్టి చూపెను: క్షేమమా? మేనల్లుడు ప్రక్కనుండి ఎంతో సంతోషముతో నన్ను చూచుచుండెను. నేనును సున్న చుట్టి చూపితిని: క్షేమమే. ఇది రెండవ అబద్ధము. మరియొక మీటరు దిగితిమి. చెవిలో మేకు దిగినట్లాయెను. అతడు మరల అడిగెను. నేను మరల సున్న చూపితిని. అయితే ఈసారి అతడు నా వ్రేళ్లను చూడలేదు. నా కన్నులను చూచెను. చేయి చాపి నన్ను ఆపి, తన చెవిని చూపి, అరచేయి ఇటు అటు ఊపెను: చెవిలో ఇబ్బందియా? అప్పుడు తల ఊపితిని. అతడు బొటనవ్రేలు పైకెత్తెను. మెల్లగా, మా ఊపిరి బుడగలకంటె మెల్లగా, పైకి వచ్చితిమి.

పడవలో మాస్కు తీయగా దానిలో కొంచెము నెత్తురుండెను. ముక్కునుండి వచ్చినది. నాకు పెద్ద హాని జరుగలేదు. వారము దినములు చెవి మూసుకొనిపోయి తరువాత బాగుపడెను. అయితే కర్ణభేరి చిరిగి చన్నీరు లోపలికి పోయినయెడల తల తిరిగి, పైయేదో క్రిందేదో తెలియక మనిషి గాబరాపడి నోటిలోని గొట్టమును విడిచిపెట్టవచ్చునట. అంత దూరము వచ్చితిని. నా మేనల్లుని ముఖము పాలిపోయెను. ఆ యువకుడు నన్ను గద్దింపలేదు. "మీరు బాగున్నానని చెప్పారు గనుక నేను మిమ్మల్ని ఇంకా లోతుకు తీసుకుపోయాను" అని మాత్రము చెప్పెను.

ఈ మాట నన్ను విడువలేదు. నా అబద్ధమువలన ఎవరికి నష్టము, నా బాధను నేనే దిగమ్రింగుకొంటిని గదా అని అనుకొనవచ్చును. అది ఒక విధమైన త్యాగమని కూడ తలంచి యుంటిని: పిల్లవాని సంతోషము పాడుచేయకుంటిని. కాని నాకు సహాయము చేయుటకు చేయి చాపి సిద్ధముగా ఉన్న మనుష్యుని చేతిని నేను కట్టివేసితిని. అంతేకాదు, నన్ను కాపాడవలసిన ఆ చేయియే నన్ను హానిలోనికి నడిపించునట్లు చేసితిని. అతనికి తెలియకుండ అతనిని దోషిని చేయబోతిని.

ఇక్కడ మీలో ఒకరు అడుగవచ్చును: "అయ్యగారూ, దారిని పోవు ప్రతివాడు బాగున్నావా అని అడిగినప్పుడెల్ల మా కష్టములన్నియు విప్పి చెప్పుకొనవలెనా?" ఇది మంచి ప్రశ్న. దీనికి షూనేమీయురాలి చరిత్ర నాకు జవాబు చెప్పుచున్నది.

ఆ తల్లి బిడ్డ మధ్యాహ్నమున ఆమె తొడమీదనే చనిపోయెను. ఆమె బిడ్డను ప్రవక్త మంచముమీద పండుకొనబెట్టి, తలుపు వేసి, గాడిదనెక్కి కర్మెలు కొండకు బయలుదేరెను. ఎలీషా ఆమెను దూరమునుండి చూచి, నీకును నీ భర్తకును నీ బిడ్డకును క్షేమమేనా అని అడుగుటకు గేహజీని పరుగెత్తించెను. ఇంటిలో బిడ్డ శవమై యుండగా ఆమె గేహజీతో క్షేమమేనని చెప్పెను. కాని ప్రవక్తయొద్దకు వచ్చినప్పుడు అతని పాదములు పట్టుకొనెను. గేహజీ ఆమెను త్రోసివేయబోయెను. ఆమెను త్రోసివేయబోయిన గేహజీ చేతులను చూడగా, అతనికి ఆమె ఏల నిజము చెప్పలేదో నాకు తెలియుచున్నది. అతని ప్రశ్న పరుగులోని ప్రశ్న. ఎలీషాయైతే ఆమె ప్రాణము వ్యాకులముగా ఉన్నదని గ్రహించెను. దాని కారణము తనకు మరుగై యున్నదని ఒప్పుకొనెను. పిమ్మట గేహజీ చేత పంపబడిన దండము బిడ్డను లేపలేదు. ఎలీషా తానే వచ్చి, తన నోరు బిడ్డ నోటిమీదను, తన కన్నులు బిడ్డ కన్నులమీదను ఉంచి పండుకొనెను.

కనుక అందరికి అన్నియు చెప్పనక్కరలేదు. సంతలో ఎదురుపడినవానితో "బాగున్నాను" అనుట నమస్కారమువంటిది. అది అబద్ధము కాదు. నీటిలో దిగువారుకూడ పడవలో నున్న అందరితో అన్నియు చెప్పరు. అయితే ప్రతివానికి ఒక జతగాడుండును. దిగక మునుపు వారిద్దరు ఒకరి పట్టీలను ఒకరు లాగి చూతురు, ఒకరి సిలిండరులో గాలి యెంత యున్నదో ఒకరు చదువుదురు. ఆ ఒక్కనితో మాత్రము అబద్ధమాడరాదు. ఎందుకనగా ఒకని ఊపిరి మరియొకనితో కట్టబడి యున్నది.

మరియొక సంగతి చూచితిని. ఆ యువకుని సిలిండరునుండి నోటికి రెండు గొట్టములు వచ్చుచుండెను. ఒకటి తాను పీల్చుకొనుటకు. రెండవది పసుపుపచ్చనిది, ఎవరికైనను కనబడునట్లు రొమ్మునకు తగిలించుకొని యుండెను. అది తనకొరకు కాదు. గాలి అయిపోయిన జతగానికొరకు. అది లేకుండ ఎవరును నీటిలో దిగరు. "క్షేమమా?" అని అడుగు హక్కు ఆ రెండవ గొట్టము తగిలించుకొన్నవానికే యున్నదని నాకు తోచెను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పవలెను. మా సంఘములో ఒక కౌలురైతు ఉండెను. పేరు చెప్పను. ప్రతి ఆదివారము భార్యాబిడ్డలతో వచ్చి ముందు చాపమీద కూర్చుండెడివాడు. నేను "బాగున్నారా?" అనగా "బాగున్నామయ్యగారూ" అని నవ్వెడివాడు. ఒక బుధవారమున మా ఇంటి అరుగువద్దకు వచ్చి "అయ్యగారూ, తీరికగా ఉన్నారా?" అని అడిగెను. నేను వేరొక ఊరిలో కూటమునకు పోవుటకు మోటారుసైకిలు ఎక్కియుంటిని. "ఆదివారం మాట్లాడుకుందాం, బాగున్నారు గదా?" అంటిని. "బాగున్నామండి" అనెను. ఆదివారము ముందు చాప ఖాళీగా ఉండెను. ఇంటికి పోయి చూడగా తాళము వేసియుండెను. రెండు పంటలు పోయి, అప్పులు తీర్చలేక, రాత్రివేళ కుటుంబముతో ఊరు విడిచి ఇటుక బట్టీలకు పోయెనని తరువాత విన్నాము. "ఎప్పుడడిగినా బాగున్నామనే చెప్పేవాడు, మనకేం తెలుసు?" అని సంఘమందరము అనుకొంటిమి, నేనును అంటిని.

ఆ పడవలో నెత్తురు తుడుచుకొనుచు కూర్చున్నప్పుడు ఆ మాట నాకు గురుతు వచ్చెను. అతడు వ్రేళ్లతో సున్న చుట్టి చూపెను; నేను వ్రేళ్లనే చూచితిని, కన్నులను చూడలేదు. నేను అతనికి గేహజీనైతిని.

విశ్వాసులమైన మనకు ఒక ప్రత్యేకమైన శోధన యున్నదని కూడ చెప్పుదును. కష్టము చెప్పుకొనుట అవిశ్వాసమని, సణుగుడని, సాక్ష్యమునకు మచ్చయని తలంతుము. కాని యోనా మత్స్యము కడుపులోనుండి, సముద్రపు అగాధములోనుండి, తాను క్షేమముగా ఉన్నానని ప్రార్థింపలేదు. నాచు తన తలకు చుట్టుకొన్నదని ఉన్నదున్నట్టు చెప్పెను. యోబు చెప్పుకొనెను. కీర్తనలలో ఎన్నో మొరలే. దేవునియెదుట దాచనివారు మనుష్యులయెదుట, మాకు ఏ కొదువయు లేదని నటింపనక్కరలేదు. పాదిరియు మనుష్యుడే, అతడును దాచుకొనును. మీ పాదిరిని కూడ ఎప్పుడైనను నిదానముగా అడుగుడి.

దీవులనుండి తిరిగివచ్చిన తరువాత ఆ రైతు బంధువునొద్ద అతని ఫోను నెంబరు సంపాదించి పిలిచితిని. "బాగున్నావా?" అని అడిగితిని. "బాగున్నానయ్యగారూ" అనెను. నేను మాట మార్చలేదు; సరే మంచిదని ఫోను పెట్టివేయలేదు. ఊరకుంటిని. అవతలనుండి కొంతసేపు బట్టీలోని ట్రాక్టరు చప్పుడు మాత్రమే వినబడెను. తరువాత అతడు, "లేదయ్యగారూ, బాగాలేము" అనెను. అరగంట మాటలాడెను. పెద్దకుమార్తె బడి మానినదని చెప్పెను. అతని అప్పు తీర్చుట నా శక్తికి మించినది. పిల్లను ఇక్కడ హాస్టలులో చేర్చుటకు సంఘపు పెద్దలలో ఇద్దరు పూనుకొనిరి. వచ్చే జూనులో బడి తెరచినప్పుడు ఆ పిల్ల వచ్చును. ఇంతమాత్రమే జరిగినది.

ప్రియులారా, ఈ మాసమందు ప్రతి యింటివారు ఒక పని చేయుడి. మీకొక జతను ఏర్పరచుకొనుడి. భర్త కావచ్చును, వదినె కావచ్చును, పొరుగు పొలమువాడు కావచ్చును. ఆ ఒక్కరు "బాగున్నావా?" అని అడిగినప్పుడు మర్యాదకొరకు జవాబు చెప్పకుడి. మీరే అడుగువారైతే, మోటారుసైకిలు దిగి, కూర్చుండి, కన్నులు చూచి అడుగుడి. జవాబు వచ్చువరకు ఆగుడి. ఇవ్వగలిగినది కొంచెమైనను రొమ్ముమీద పెట్టుకొని అడుగుడి.

వచ్చే ఆదివారము గుడి వాకిట నేను మరల ఆ ప్రశ్న అడుగుదును. చేయి కలిపినప్పుడు ఈసారి తొందరపడి విడువను. ప్రభువు మనలనందరిని ఒకరికొకరిని కాపరులుగా చేయును గాక. ఆమేన్.